హానిబాల్ రోమ్ మీదికి వెళ్లకపోవడం నిజంగా తప్పేనా?

గొప్ప సేనానుల గురించి ఎక్కడ మాట వచ్చినా కార్తేజ్ వీరుడు హానిబాల్ పేరు రాకుండా ఉండదు. ఆయన పేరు వచ్చిన వెంటనే ఒక విమర్శ కూడా వస్తుంది. కానే యుద్ధంలో గెలిచిన మర్నాడే రోమ్ మీదికి వెళ్లుంటే చరిత్రే మారిపోయేది, అక్కడే దెబ్బతిన్నాడు అని. చాలాకాలం నేనూ ఇదే మాట చెబుతూ వచ్చాను. ఈ రోజు ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఎందుకో చెప్తాను.

ముందు కానేలో ఏం జరిగిందో చూద్దాం. క్రీ.పూ. 218లో హానిబాల్ స్పెయిన్ నుంచి బయల్దేరి, ఏనుగులతో సహా ఆల్ప్స్ పర్వతాలు దాటి ఇటలీలో దిగాడు. దిగేసరికి ఆయన దగ్గర మిగిలింది 20,000 కాల్బలం, 6,000 గుర్రాలు. ఉత్తర ఇటలీలోని గాల్ తెగలవాళ్లు వచ్చి కలిశాక బలం పెరిగింది. ట్రెబియా దగ్గర గెలిచాడు, ట్రాసిమీన్ సరస్సు దగ్గర గెలిచాడు. క్రీ.పూ. 216లో దక్షిణ ఇటలీలోని కానే దగ్గర రోమ్ 80,000 పైచిలుకు సైన్యాన్ని ఆయన ముందు నిలబెట్టింది. ఈయన వైపు ఉన్నది సుమారు 50,000.

హానిబాల్ మధ్యలో గాల్, స్పెయిన్ సైనికుల్ని నెలవంకలా ముందుకు పొడుచుకొచ్చేట్టు నిలిపాడు. రెండు పక్కలా ఆఫ్రికా కాల్బలాన్ని ఉంచాడు. రోమన్లు మధ్యభాగాన్ని నెట్టుకుంటూ లోపలికి వచ్చేశారు. గెలుస్తున్నామనే అనుకున్నారు. ఈలోపు పక్కల నుంచి ఆఫ్రికన్లు మూసుకొచ్చారు, వెనక నుంచి కార్తేజ్ అశ్వదళం వచ్చి పడింది. కత్తి తిప్పడానికి కూడా చోటు లేక రోమన్లు వేలల్లో చచ్చిపోయారు. ఒక లెక్క ప్రకారం ఒక్క రోజులో 45,000 మంది పైనే.

ఇప్పుడు అసలు ప్రశ్న. వెంటనే రోమ్‌కు ఎందుకు వెళ్లలేదు? అశ్వదళ నాయకుడు మహర్బాల్ వెళ్దామని పట్టుబట్టాడని, హానిబాల్ వినకపోతే దెప్పిపొడిచాడని రోమన్ చరిత్రకారుడు లివీ రాశాడు. కానీ లివీ ఇది రాసింది దాదాపు 200 ఏళ్ల తర్వాత. లెక్క మనమే చూద్దాం. కానే నుంచి రోమ్ సుమారు 400 కిలోమీటర్లు. ఆ నగరానికి గట్టి కోటగోడ ఉంది. గోడలు బద్దలు కొట్టే యంత్రాలు హానిబాల్ దగ్గర లేవు. ముట్టడి వేసి కూర్చుంటే తిండి ఎక్కడి నుంచి తేవాలి? అసలు ఆయన పథకమే వేరు. రోమ్‌కు సైనికుల్ని పంపేది ఇటలీలోని మిత్రనగరాలు. వాటిని విడగొడితే రోమ్ తనంతట తానే సంధికి దిగివస్తుందని ఆయన లెక్క.

ఆ లెక్క సగమే ఫలించింది. కాపువా లాంటి పెద్ద నగరం ఆయన వైపు వచ్చింది. కానీ లాటిన్ నగరాలు కదల్లేదు. రోమ్ సంధి మాటే ఎత్తనివ్వలేదు, హానిబాల్ పంపిన దూతను నగరంలోకి కూడా రానివ్వలేదు. తమ ఖైదీలను డబ్బిచ్చి విడిపించుకోవడానికి సెనేట్ ఒప్పుకోలేదు. దానికి బదులు 8,000 మంది బానిసలను కొని సైన్యంలో చేర్చుకుంది. కానేలో ఓడిపోయి తిరిగొచ్చిన కాన్సుల్ వర్రోకు, రాజ్యం మీద ఆశ వదులుకోనందుకు కృతజ్ఞతలు చెప్పారు. అదే కార్తేజ్‌లో అయితే ఓడిన సేనానిని శిలువ వేసిన సందర్భాలున్నాయి.

ఇంకో విషయం. హానిబాల్ రోమ్‌కు వెళ్లలేదు అంటాం గానీ, వెళ్లాడు! క్రీ.పూ. 211లో రోమన్లు కాపువాను ముట్టడిస్తుంటే, వాళ్లను అక్కడి నుంచి లాగడానికి నేరుగా రోమ్ గోడల దాకా వచ్చాడు. నగరం హడలిపోయింది. అయినా కాపువా ముట్టడి సడలలేదు, రోమ్ తలుపులు తెరుచుకోలేదు. ఆయన వెనుదిరిగాడు, కాపువా లొంగిపోయింది. 216లో వెళ్లుంటే ఏమయ్యేదో ఎవరూ రుజువు చేయలేరు. కానీ నాకు దీనికంటే దగ్గరి సాక్ష్యం ఇంకోటి కనిపించలేదు.

చివరికి హానిబాల్‌ను ఓడించింది ఎవరు? కానేలో ప్రాణాలతో బయటపడ్డ కుర్రవాడు స్కిపియో. క్రీ.పూ. 202లో ఆఫ్రికాలోని జామా దగ్గర, వెనక నుంచి అశ్వదళం వచ్చి పడే ఆ పాత దెబ్బే ఈసారి హానిబాల్‌కు తగిలింది. ఓడిపోయిన రోజు నుంచి రోమ్ నేర్చుకుంది, నేర్చుకున్నవాడికి సైన్యాన్ని అప్పగించింది.

అందుకే నేనిప్పుడు హానిబాల్‌ది తప్పు అనను. సేనానిగా తన చేతిలో ఉన్నదంతా చేశాడు. ఓటమిని ఒప్పుకోని ఒక వ్యవస్థతో ఆయన తలపడ్డాడు. ఒక యుద్ధభూమిని గెలవడానికి గొప్ప సేనాని చాలు. యుద్ధాన్ని గెలవడానికి మాత్రం, ఆ సేనాని ఓడినా నిలబడే వ్యవస్థ వెనక ఉండాలి. ఇకమీద ఎవరైనా గొప్ప సేనానుల జాబితా చెబితే, ఆయన ఎన్ని గెలిచాడు అనే దాంతో పాటు ఆయన వెనక ఎవరున్నారు అని కూడా అడగండి.

వచ్చే ఎపిసోడ్‌లో మళ్లీ కలుద్దాం. సెలవు.