పదహారు డిగ్రీలు, పది లక్షల పలకలు

1960 జూన్ 30న కాంగోకి బెల్జియం నుంచి స్వాతంత్ర్యం వచ్చింది. విస్తీర్ణంలో మన దేశంలో మూడింట రెండొంతులకి పైనే ఉంటుంది. అప్పటి జనాభా సుమారు కోటీ నలభై లక్షలు. ఆ రోజుకి యూనివర్సిటీ డిగ్రీ ఉన్న కాంగో వాళ్ళు ఎంతమందో తెలుసా? ఎక్కువగా వినిపించే అంకె 16. ఎంత ఉదారంగా లెక్కేసినా 30 దాటరు. వాళ్ళలో డాక్టరు ఒక్కడు లేడు, ఇంజినీరు ఒక్కడు లేడు. సైన్యంలో ఆఫీసరు కూడా ఒక్కడు లేడు.

"ఓహో, తెల్లదొరలు బళ్ళే పెట్టలేదన్నమాట" అనుకుంటాం కదా. తిరకాసంతా అక్కడే ఉంది. అప్పటికి ప్రైమరీ బళ్ళలో చదువుతున్న పిల్లలు 10 లక్షలకి పైమాటే. ఆనాటి ఆఫ్రికాలో అది చాలా పెద్ద సంఖ్య. ఆ బళ్ళలో అత్యధికం కేథలిక్ మిషన్లవి. మరి కింద పది లక్షలమంది ఉంటే పైన పదహారుమందే ఎందుకు మిగిలారు?

కొంచెం వెనక్కి వెళ్దాం. 1885 నుంచి 1908 దాకా కాంగో బెల్జియం రాజు రెండో లియోపోల్డ్ సొంత ఆస్తి. దేశానిది కాదు, అక్షరాలా ఆయనదే. రబ్బరు కోసం అక్కడ జరిగిన ఘోరాలు మీరు చదివే ఉంటారు. 1890లో ఆయన ఒక ఉత్తర్వు ఇచ్చాడు. బానిసత్వం నుంచి విడిపించిన పిల్లలకీ, దిక్కులేని పిల్లలకీ ప్రభుత్వమే సంరక్షకుడట. అలాంటి పిల్లల్ని మిషన్లకి అప్పగించేవాళ్ళు. జెజువిట్లు "ప్రార్థనామందిర పొలాలు" అని ఊళ్ళ పక్కనే పెట్టి, పిల్లల చేత పొలం పని చేయిస్తూ ప్రార్థనలు నేర్పేవారు. తల్లీ తండ్రీ ఉన్న పిల్లల్ని కూడా అనాథల లెక్కలో వేస్తున్నారని లియోపోల్డ్ వేసిన విచారణ సంఘమే 1905లో తప్పుపట్టింది.

1906లో లియోపోల్డ్ ప్రభుత్వం వాటికన్‌తో ఒక ఒప్పందం చేసుకుంది. ఇది మన ఐటీ వాళ్ళకి చప్పున అర్థమయ్యే డాక్యుమెంటు. ప్రతి మిషన్‌కీ ప్రభుత్వం 100 నుంచి 200 హెక్టార్ల భూమి ఇస్తుంది. బదులుగా మిషన్ బడి నడపాలి. ఆ బడిలో వ్యవసాయం, చేతిపనులు ముఖ్యంగా నేర్పాలి. ఏం చెబుతున్నారో గవర్నర్ జనరల్‌కి చూపించాలి. ఒక్క ముక్కలో చెప్పాలంటే ఔట్‌సోర్సింగ్. రిక్వైర్‌మెంట్లు ప్రభుత్వానివి, డెలివరీ మిషన్లది. చదువుకోబోయేవాడిని మాత్రం ఎవ్వరూ అడగలేదు.

1908లో కాంగో బెల్జియం దేశం చేతికి వచ్చాక కూడా పద్ధతి మారలేదు. 1920ల మధ్యలో ఒప్పందాన్ని మరింత బిగించి, "జాతీయ" మిషన్లకి డబ్బు సాయం మొదలెట్టారు. జాతీయ అంటే ఆచరణలో బెల్జియం కేథలిక్ మిషన్లన్నమాట. ప్రొటెస్టెంట్ బళ్ళకి 1940ల చివరి దాకా పైసా రాలేదు. కటంగాలో రాగి గనులు నడిపే యూనియన్ మినియేర్ కంపెనీ కార్మికుల కాలనీల్లో కూడా బళ్ళు బెనెడిక్టిన్ సాధువులవే. ప్రభుత్వం, కంపెనీ, చర్చి.. ఈ మూడూ కలిసి కాంగోని నడిపాయని చరిత్రకారులు ఊరికే అనలేదు.

ఈ ముగ్గురికీ కావలసింది గుమాస్తా, మేస్త్రి, నర్సు, పంతులు. అంతవరకు నిచ్చెన వేశారు. ఆ పైన మెట్లు పీకేశారు. కాంగో పిల్లలకి అసలైన సెకండరీ చదువు 1948 సంస్కరణ తరవాతే మొదలయ్యింది. ఆడపిల్లల సంగతి ఇంకా అన్యాయం. వాళ్ళకి కుట్లు, వంట, ఇల్లు దిద్దుకోవడం నేర్పితే చాలనుకున్నారు. కాంగో నుంచి డిగ్రీ తీసుకున్న మొదటి మహిళ సోఫీ కాంజా. ఏడాది 1964, అంటే స్వాతంత్ర్యం వచ్చిన నాలుగేళ్ళకి!

"పాపం, వాళ్ళకంతకంటే శక్తి లేదేమో" అని సర్దుకుందామా అంటే, ఒక్క చోట మాత్రం నిచ్చెన పై దాకా ఉంది. సెమినరీలో. స్టెఫానో కవోజే 1917లోనే ఫాదర్ అయ్యాడు. లాటిన్, తత్వశాస్త్రం, వేదాంతం ఏళ్ళ తరబడి చదివిన కాంగో ఫాదర్లు 1960 నాటికి వందల్లో ఉన్నారు. 1956లో కాంగో మనిషి బిషప్ కూడా అయ్యాడు. అదే 1956లో తొమాస్ కాంజా బెల్జియంలోని లూవెన్‌లో డిగ్రీ పూర్తిచేస్తే, ఫాదర్ కాని కాంగోవాడికి అదే మొదటి డిగ్రీ! కాబట్టి కాంగో పిల్లాడి బుర్ర మీద వాళ్ళకి అనుమానమేం లేదు. చర్చికి అవసరమైన చోట చదివించారు, దేశానికి అవసరమైన చోట ఆపేశారు. నా దృష్టిలో మొత్తం కథలో అతి పెద్ద నేరం ఇదే.

భాష సంగతి కూడా చెప్పాలి, మన తెలుగు బ్లాగర్లకి ఇది గుచ్చుకుంటుంది. కింది తరగతుల్లో చదువు లింగాలా, కికోంగో, చిలుబా, స్వాహిలి లాంటి భాషల్లోనే. మిషనరీల్లో చాలామంది ఫ్లెమిష్ వాళ్ళు. సొంత దేశంలో ఫ్రెంచి పెత్తనం కింద నలిగినవాళ్ళు కాబట్టి మాతృభాష మీద వాళ్ళది నిజమైన ప్రేమే. వ్యాకరణాలు, నిఘంటువులు రాశారు. కానీ ఉద్యోగం, కోర్టు, పై చదువు అన్నీ ఫ్రెంచిలో! దాంతో చదువుకున్న కాంగోవాళ్ళే "మాకు ఫ్రెంచి కావాలి" అని అడిగారు. పై మెట్టు మీద చోటివ్వకుండా మాతృభాషలో చదువు చెప్తే అది గౌరవంలా కాదు, గేటులా కనబడుతుంది.

1954లో లూవెన్ వాళ్ళే లియోపోల్డ్‌విల్ దగ్గర లొవానియం యూనివర్సిటీ పెట్టారు. 1959లో అక్కడ ఆఫ్రికాలోనే మొదటి అణు రియాక్టరు నడిచింది. రియాక్టరు ఉంది, ఇంజినీరు లేడు! అదే 1954లో మన బెజవాడలో జెజువిట్ల ఆంధ్రా లొయోలా కాలేజీ మొదలయ్యింది. తేడా ఏమిటంటే, మద్రాసు యూనివర్సిటీ 1857 నాటిది. ఇంగ్లీషు వాడు మనల్నేం ఉద్ధరించాలని పెట్టలేదు, వాడికీ గుమాస్తాలే కావాలి. అయినా ఆ 90 ఏళ్ళలో మనకి లాయర్లు, డాక్టర్లు, ప్రొఫెసర్లు తయారయ్యారు. కాంగోకి దొరికింది ఆరేళ్ళు.

ఫలితం చూశాం. వారం తిరక్కుండా సైన్యం తిరగబడింది. మిషన్ బళ్ళలో చదివి పోస్టాఫీసు గుమాస్తాగా పనిచేసిన ప్రధాని లుముంబాని 1961 జనవరిలో చంపేశారు. ఆ తరవాత మొబుటు. ఆయన 1974లో మిషన్ బళ్ళని ప్రభుత్వపరం చేశాడు, నడపలేక 1977లో మళ్ళీ చర్చికే అప్పజెప్పాడు. ప్రభుత్వానికి బడి నడపడం ఎవరూ ఎప్పుడూ నేర్పలేదు మరి. ఇవాళ్టికీ అక్కడ ప్రభుత్వ బళ్ళలో పెద్ద భాగం కేథలిక్ చర్చి నిర్వహణలోనే ఉన్నాయి.

మిషన్ బళ్ళు మంచివా చెడ్డవా అని కొట్టుకోవడం నాకు దండగ అనిపిస్తుంది. అక్షరం దిద్దించిన ఆ ఫాదర్లలో, సిస్టర్లలో జ్వరాలకి చచ్చిపోయినవాళ్ళున్నారు, వాళ్ళ త్యాగం అబద్ధం కాదు. కానీ ఒక బడిని కొలవాల్సింది ఎంతమందిని చేర్చుకుందో చూసి కాదు, ఎంత పైకి పోనిచ్చిందో చూసి. మన చుట్టూ ఉన్న బళ్ళకీ ఇదే కొలబద్ద పెట్టి చూడండి. మీకేం కనిపిస్తుందో చెప్పండి.