సర్వు వృక్షం - ముస్లిం ఉద్యానాలలో దాని స్థానం

ఖర్జూరం, ద్రాక్ష, దానిమ్మ, జైతూన్, అంజూరం, రేగు - దివ్య ఖుర్ఆన్‌లో పేరుతో ప్రస్తావించబడిన చెట్లలో ఇవి ముఖ్యమైనవి. సర్వు పేరు అందులో ఎక్కడా లేదు. అయినప్పటికీ షీరాజ్ మొదలు ఆగ్రా వరకు ముస్లిములు పెంచిన తోటలలోనూ, సమాధుల గోడలపైనూ, ఫారసీ, ఉర్దూ కవిత్వంలోనూ సర్వుకు దక్కిన గౌరవం అపారం. ఇది ఎలా సంభవించింది? ఈ ప్రశ్న కేవలం వృక్షశాస్త్రానికి చెందినది కాదు. ఇతరుల వారసత్వం పట్ల మన పూర్వికులు అనుసరించిన వైఖరికి కూడా చెందినది.

ఇంగ్లీషులో సైప్రస్ అనబడే ఈ చెట్టు ఇరాన్‌లో అతి ప్రాచీనమైనది. యజ్ద్ రాష్ట్రంలోని అబర్కూహ్ పట్టణంలో నేటికీ పచ్చగా ఉన్న ఒక సర్వు వయస్సు 4,000 సంవత్సరాలకు తక్కువ ఉండదని ప్రసిద్ధమైన అంచనా. నీటి కాలువలతో క్రమబద్ధంగా విభజింపబడిన తోట కూడా ఇస్లాంకు పూర్వమే అక్కడ ఉన్నది. క్రీ.పూ. 6వ శతాబ్దంలో సైరస్ చక్రవర్తి పసర్గాదేలో నిర్మించిన ఉద్యానం ఇందుకు నిదర్శనం. 'చుట్టూ గోడ గల తోట' అనే అర్థమిచ్చే ప్రాచీన ఇరానీ పదమే 'ఫిర్దౌస్'కు మూలమని భాషావేత్తల అభిప్రాయం. ఆ పదం ఖుర్ఆన్‌లో అల్ కహఫ్, అల్ మూమినూన్ సూరాలలో స్వర్గానికి పేరుగా వచ్చింది.

ఇస్లాం ఇరాన్‌కు చేరిన తరువాత అక్కడి విశ్వాసాలు మారాయి. తోటలు మాత్రం నిలిచాయి. అయితే దీనికి విరుద్ధమైన ఉదాహరణ కూడా లేకపోలేదు. ఖురాసాన్‌లోని కాష్మర్‌లో ఒక మహావృక్షం ఉండేది. దానిని తమ ప్రవక్త జరతుష్ట్రుడే నాటాడని మజూసీలు నమ్మేవారు. అబ్బాసీ ఖలీఫా ముతవక్కిల్ సామర్రాలో తాను కట్టిస్తున్న భవనం కోసం దానిని నరికించి తెమ్మని ఆజ్ఞాపించాడు. చెట్టును విడిచిపెడితే పెద్ద మొత్తం ఇస్తామని మజూసీలు వేడుకున్నా ఫలితం లేకపోయింది. దుంగలు రాజధానికి చేరకముందే, హి. 247 (క్రీ.శ. 861)లో, ఖలీఫా తన అంగరక్షకుల చేతిలోనే హతుడయ్యాడు. ఈ వృత్తాంతాన్ని భద్రపరచినవారు ముస్లిం చరిత్రకారులే కావడం గమనార్హం. ఖలీఫా చర్యను వారు దాచిపెట్టలేదు.

తోటమాలి దృష్టిలో సర్వుకు అనేక సుగుణాలున్నాయి. ఇది నిటారుగా పెరుగుతుంది. తక్కువ స్థలం ఆక్రమిస్తుంది. పక్కనున్న పూలమడులపై ఎక్కువ నీడ పడనివ్వదు. వరుసగా నాటితే గాలిని, దుమ్మును అడ్డుకుంటుంది. ఆకురాలే కాలంలోనూ పచ్చగానే ఉంటుంది. అయితే తినదగిన పండు ఇవ్వదు. ఈ లోపాన్నే షేఖ్ సాదీ క్రీ.శ. 1258లో రచించిన గులిస్తాన్‌లో సుగుణంగా చూపాడు. ఫలించే చెట్టుకు ఒక రుతువులో కళ, మరొక రుతువులో వెలితి తప్పవు. సర్వుకు ఆ బంధం లేదు కనుకనే దానికి 'ఆజాద్' అనే పేరు తగినదని ఆయన భావం.

మొఘలులతో ఈ అభిరుచి హిందూస్తాన్‌లో వ్యాపించింది. పూర్వం ఈ దేశంలో ఊహించని సర్వు, చినార్ వంటి చెట్లు ఇప్పుడు తోటలలో విరివిగా ఉన్నాయని జహంగీర్ తన ఆత్మకథలో సంతోషంగా రాసుకున్నాడు. పూచే పండ్లచెట్టును సర్వు పక్కన చూపడం మొఘల్ చిత్రకారులకు ప్రీతిపాత్రం. ఒకటి గతించే యౌవనానికి, మరొకటి శాశ్వతత్వానికి సంకేతాలు. ఇరాన్ నుండి వచ్చిన తన తండ్రికి నూర్‌జహాన్ ఆగ్రాలో కట్టించిన ఎత్మాదుద్దౌలా సమాధి గోడలపై ఈ చెట్టును రంగురాళ్ళతో పొదిగారు. తాజ్‌మహల్ ముందు నేడు కనిపించే సర్వు వరుసలు మాత్రం షాజహాన్ కాలంనాటివి కావు. బ్రిటిష్ పాలనలో ఆ తోట స్వరూపం చాలా మారింది.

మన తీరప్రాంతంలో విస్తారంగా పెంచే సరుగుడును 'సర్వి' అని కూడా పిలుస్తారు. అది వేరే జాతి చెట్టు. 19వ శతాబ్దంలో ఇక్కడ ప్రవేశపెట్టబడినది. అయినా దాని పేరు ఫారసీ 'సర్వ్'ను జ్ఞప్తికి తెస్తుంది. ఉర్దూలోనూ దానిని 'జంగ్లీ సరో' అంటారు.

దైవప్రవక్త (స) చెట్టు నాటడాన్ని సదఖాగా పేర్కొన్నారు. అన్యుల చెట్టు కదా అని ఇరాన్ ముస్లిములు సర్వును వదలుకోలేదు. దానిని ఆరాధించనూ లేదు. నీరు పోసి పెంచి తరువాతి తరాలకు అప్పగించారు. ముతవక్కిల్ నరికించిన చెట్టు మనకు కథగా మాత్రమే మిగిలింది. అబర్కూహ్ సర్వు నేటికీ నిలిచి ఉన్నది. ఇస్లామీయ నాగరికత దేనిని సృష్టించిందో చెప్పుకునేటప్పుడు, అది దేనిని కాపాడిందో కూడా చెప్పుకోవడం మన బాధ్యత.