రోగ నిర్ధారణ ఎలా నేర్చుకున్నారు? బొంబాయి రక్తహీనత నుంచి పొదిలి బావుల దాకా

రక్తహీనత అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది ఇనుము లోపం. ప్రిలిమ్స్‌లో ఒక ప్రశ్నకు అది సరిపోవచ్చు. వార్డులో ఉన్న వైద్యుడికి మాత్రం సరిపోదు. పాలిపోయిన ముఖం, ఆయాసం, నీరసంతో వచ్చినవారందరికీ కారణం ఒకటే కాదు. ఒకరికి ఇనుము తక్కువ, ఒకరికి ఫోలేట్ తక్కువ, ఇంకొకరికి బి12 తక్కువ. మరొకరికి మలేరియా, వేరొకరికి సికిల్ సెల్. కారణం తెలియకుండా ఇచ్చే మందు కొందరికి పనిచేయదు, కొందరికి హాని కూడా చేస్తుంది.

అంటే జబ్బుకు పేరు పెట్టడంతో రోగ నిర్ధారణ పూర్తి కాదు. ఆ రోగికి ఆ జబ్బు ఎందుకు వచ్చిందో తేలాలి. ఈ పాఠాన్ని భారతదేశంలో వైద్యులు రోగుల దగ్గరే ఎలా నేర్చుకున్నారో మూడు కేసుల ద్వారా చూద్దాం. చరిత్ర, సైన్స్, ప్రజారోగ్యం మూడింటికీ పనికొచ్చే అంశం ఇది.

నేపథ్యం: గ్రంథం నుంచి వార్డుకు

రోగిని చూసి కారణాన్ని ఊహించే పద్ధతి మన దేశానికి కొత్త కాదు. చరక సంహిత విమానస్థానం రోగాన్ని తెలుసుకునే మార్గాలు మూడని చెబుతుంది: ఆప్తోపదేశం, ప్రత్యక్షం, అనుమానం. అంటే తెలిసినవారి మాట, స్వయంగా చూడటం, చూసినదాన్నిబట్టి చూడనిదాన్ని గ్రహించడం. రోగి ఎక్కడ పుట్టాడు, ఎక్కడ పెరిగాడు, ఏం తింటాడు అన్నవి కూడా అడగాలంటుంది. మాధవకరుడి మాధవ నిదానం పూర్తిగా రోగ నిర్ధారణకే కేటాయించిన గ్రంథం.

ఆధునిక వైద్య విద్య 19వ శతాబ్దంలో వేళ్లూనుకుంది. 1822లో కలకత్తాలో నెలకొల్పిన నేటివ్ మెడికల్ ఇన్‌స్టిట్యూషన్‌ను 1835లో బెంటింక్ ప్రభుత్వం మూసివేసి, కలకత్తా మెడికల్ కాలేజీని స్థాపించింది. ఆయుర్వేద పండితుడైన మధుసూదన్ గుప్తా 1836లో అక్కడ శవ విచ్ఛేదనలో పాల్గొనడం పెద్ద మలుపు. 1835లోనే మద్రాసులో మెడికల్ స్కూలు మొదలైంది. 1845లో బొంబాయిలో గ్రాంట్ మెడికల్ కాలేజీ, దాని పక్కనే జేజే ఆసుపత్రి వచ్చాయి. 1846లో హైదరాబాద్ మెడికల్ స్కూలు ఏర్పడింది. మొదట్లో ఉర్దూలో బోధించిన ఆ స్కూలే నేటి ఉస్మానియా మెడికల్ కాలేజీ.

అయితే ఒక అడ్డంకి మిగిలిపోయింది. పరదా పాటించే కుటుంబాల స్త్రీలు మగ వైద్యుల ముందుకు వచ్చేవారు కాదు. రోగి నోరు విప్పి చెప్పుకోలేని చోట నిర్ధారణ మొదలే కాదు. 1885లో డఫెరిన్ ఫండ్, 1886లో బొంబాయి కామా ఆసుపత్రి, 1914లో విమెన్స్ మెడికల్ సర్వీస్ రావడానికి ఇది ముఖ్య కారణం. బొంబాయి కేసును అర్థం చేసుకోవాలంటే ఈ నేపథ్యం తెలిసి ఉండాలి.

వైద్యుడు ఆలోచించే క్రమం

కేసు చూడటంలో దశలు స్థూలంగా ఇవి:

1. రోగి చెప్పేది వినడం, అంటే హిస్టరీ తీసుకోవడం.
2. శరీరాన్ని పరీక్షించడం.
3. సాధ్యమైన కారణాల జాబితా వేసుకోవడం. దీన్నే డిఫరెన్షియల్ డయాగ్నసిస్ అంటారు.
4. ఒక్కో కారణాన్ని బలపరిచే లేదా కొట్టివేసే పరీక్షలు చేయడం.
5. మందు ఇచ్చాక ఏమైందో గమనించడం.

చివరిది ఎక్కువగా మర్చిపోయే దశ. మందు పనిచేయకపోతే తప్పు మందులోనే ఉందనుకోకూడదు, మన నిర్ధారణలోనూ ఉండొచ్చు. మొదట తట్టిన కారణాన్నే పట్టుకుని వేలాడటం వైద్యంలో తరచూ జరిగే పొరపాటు.

మొదటి కేసు: బొంబాయి గర్భిణులు

1928లో లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయి వచ్చారు. గర్భిణులలో, ముఖ్యంగా బట్టల మిల్లుల్లో పనిచేసే పేద స్త్రీలలో కనిపిస్తున్న ప్రాణాంతక రక్తహీనతకు కారణం కనుక్కోవడం ఆమె పని. హాఫ్కిన్ ఇన్‌స్టిట్యూట్ కేంద్రంగా పరిశోధన సాగింది.

సూక్ష్మదర్శినిలో వీరి ఎర్ర రక్తకణాలు మామూలు కంటే పెద్దవిగా కనిపించేవి. ఇనుము లోపంలో కణాలు చిన్నవవుతాయి కాబట్టి ఇది వేరే రకం. పెద్ద కణాలు కనిపించే జబ్బుగా అప్పటికి వైద్యులకు బాగా తెలిసింది పర్నీషియస్ అనీమియా. కాలేయం తినిపిస్తే అది తగ్గుతుందని 1926లో మైనాట్, మర్ఫీ చూపించారు. కానీ అది ఎక్కువగా వయసు మళ్లినవారిలో వచ్చే జబ్బు. బొంబాయిలో రోగులు ప్రసవ వయసులో ఉన్న యువతులు. పేరు దగ్గరగా ఉన్నా కేసు పూర్తిగా సరిపోలేదు.

పేగుల్లో ఏదైనా క్రిమి కారణమా అని విల్స్ వెతికారు. దొరకలేదు. తర్వాత ఆ స్త్రీల ఇళ్లు, ఆదాయం, రోజువారీ తిండి పరిశీలించారు. పేదరికం, తిండి లోపం ఎక్కువున్న వర్గాల్లోనే జబ్బు ఎక్కువగా కనిపించింది. అలాంటి ఆహారమే పెట్టిన ఎలుకలకు రక్తహీనత వచ్చింది గానీ, దానికి కారణం పేల ద్వారా సోకే మరో క్రిమి అని తేలింది. దాంతో ఆ ఆధారాన్ని పక్కనపెట్టి కోతులపై ప్రయోగాలు చేశారు. మార్మైట్ అనే చౌకైన ఈస్ట్ సారంతో రక్తహీనత తగ్గింది. రోగులకు ఇచ్చినా గుణం కనిపించింది. ఈ ఫలితాలను ఆమె 1931లో ప్రచురించారు.

తర్వాత మరో కీలక విషయం బయటపడింది. పర్నీషియస్ అనీమియాను తగ్గించే శుద్ధి చేసిన కాలేయ సారం ఈ రక్తహీనతపై పనిచేయలేదు. శుద్ధి చేయని సారం, ఈస్ట్ మాత్రం పనిచేశాయి. అంటే రెండు జబ్బులు వేరు, వాటిలో లోపించిన పదార్థాలు కూడా వేరు. ఆ తెలియని పదార్థానికి విల్స్ ఫ్యాక్టర్ అనే పేరు వచ్చింది. అదే నేటి ఫోలేట్.

భీమవరం బిడ్డ, ఆ పదార్థం

1941లో పాలకూర జాతి ఆకుల నుంచి దీన్ని వేరుచేసి ఫోలిక్ ఆమ్లం అన్నారు. లాటిన్‌లో ఫోలియం అంటే ఆకు. 1945లో దీన్ని కృత్రిమంగా తయారు చేసింది అమెరికాలోని లెడర్లీ పరిశోధన బృందం. దానికి నాయకుడు భీమవరంలో పుట్టి, మద్రాసు మెడికల్ కాలేజీలో చదివిన యల్లాప్రగడ సుబ్బారావు. ఫోలిక్ ఆమ్లాన్ని అడ్డుకునే అమినోప్టెరిన్ కూడా ఈ బృందం నుంచే వచ్చింది. లుకేమియా ఉన్న పిల్లల్లో దానితో తాత్కాలికంగా జబ్బు తగ్గుముఖం పట్టిందని 1948లో సిడ్నీ ఫార్బర్ ప్రకటించారు. క్యాన్సర్ కీమోథెరపీ చరిత్రలో అది తొలి మైలురాళ్లలో ఒకటి.

విల్స్ చేసిన తేడా నేటికీ ప్రాణం నిలుపుతుంది. బి12 లోపం ఉన్నవారికి ఫోలిక్ ఆమ్లం మాత్రమే ఇస్తే రక్తం మెరుగుపడినట్టు కనిపిస్తుంది, లోపల నరాలు దెబ్బతినడం మాత్రం ఆగదు. రిపోర్టు బాగుంటుంది, రోగి నడక తడబడుతుంది.

రెండో కేసు: పొదిలి, దర్శి, కనిగిరి

అప్పటి నెల్లూరు జిల్లాలోని ఈ తాలూకాలు 1970లో ప్రకాశం జిల్లాలో చేరాయి. ఇక్కడ వెన్నెముక, కీళ్లు బిగుసుకుపోయి వంగలేని రోగులు కనిపించేవారు. ఒక్క రోగినే చూస్తే కీళ్ల జబ్బు అనుకోవచ్చు. అదే ఊరి నుంచి అలాంటివారు వరుసగా వస్తుంటే కారణాన్ని ఊరిలోనే వెతకాలి. షార్ట్, ఆయన సహచరులు 1937లో ప్రచురించిన అధ్యయనం ఇది తాగునీటిలోని ఫ్లోరైడ్ వల్ల వచ్చే జబ్బని చూపించింది. భారతదేశంలో ఫ్లోరోసిస్‌పై తొలి ప్రధాన నివేదిక అదే.

ఇక్కడ పళ్లు కూడా సాక్ష్యం చెబుతాయి. పంటి ఎనామిల్ బాల్యంలో ఏర్పడుతుంది కాబట్టి పళ్ల మీది గోధుమ రంగు మచ్చలు ఆ మనిషి చిన్నప్పుడు తాగిన నీటి గురించి చెబుతాయి. పెద్దయ్యాక ఆ ఊరికి వచ్చినవారిలో పళ్లు బాగుండి ఎముకలే దెబ్బతినవచ్చు. అందుకే వైద్యుడు ఏ ఊరని అడిగి ఊరుకోకూడదు, ఎప్పటి నుంచి ఉంటున్నారు, ఏ బావి నీళ్లు తాగారు అని కూడా అడగాలి.

ఒకసారి బిగుసుకున్న ఎముకను మందు తిరిగి సరిచేయలేదు. ఇక్కడ నిర్ధారణ ఫలితం ప్రిస్క్రిప్షన్ కాదు, మంచినీటి పథకం. నల్గొండ పేరుతో ప్రసిద్ధమైన ఫ్లోరైడ్ తొలగింపు పద్ధతి, 2008-09లో మొదలైన జాతీయ ఫ్లోరోసిస్ నివారణ కార్యక్రమం ఈ దారిలోనివే.

మూడో కేసు: కోలుకుని తిరిగి వచ్చిన రోగి

కాలా అజార్‌కు యూరియా స్టిబమైన్ మందు కనుగొన్న ఉపేంద్రనాథ్ బ్రహ్మచారి 1922లో మరో విషయం గమనించారు. జ్వరం తగ్గి నయమైందనుకున్న కొందరిలో కొంతకాలానికి చర్మంపై మచ్చలు, బుడిపెలు వచ్చాయి. చూడటానికి కుష్ఠులా ఉన్నా, చర్మంలో కాలా అజార్ పరాన్నజీవులే దొరికాయి. నొప్పి లేదు కాబట్టి ఇలాంటివారు ఆసుపత్రికి రారు. కానీ శాండ్‌ఫ్లై ఈగల ద్వారా వీరి నుంచి జబ్బు ఇతరులకు పాకుతుంది. కాలా అజార్ నిర్మూలనలో వీరిని వెతికి పట్టుకోవడం అందుకే ముఖ్యం.

నేటి విధానాలకు ఈ చరిత్ర ఎందుకు?

ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల మహిళల్లో 57 శాతం, గర్భిణుల్లో 52.2 శాతం మందికి రక్తహీనత ఉంది. 2018లో మొదలైన అనీమియా ముక్త్ భారత్ కింద గర్భిణులకు రోజూ 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఇస్తారు. మలేరియా, హీమోగ్లోబిన్ లోపాలు, ఫ్లోరోసిస్ వంటి పోషకాహారేతర కారణాలను కూడా ఈ పథకం గుర్తించింది. 2023లో ప్రారంభమైన సికిల్ సెల్ నిర్మూలన మిషన్ దీనికి తోడు.

పెద్ద సంఖ్యలో ప్రజలకు ఒకే మాత్ర ఇవ్వడం అవసరమే, ప్రతి ఇంటికీ నిపుణుడిని పంపలేం. కానీ మాత్రలు వేసుకున్నా హీమోగ్లోబిన్ పెరగని మహిళను మళ్లీ మాత్రలిచ్చి పంపేస్తే విల్స్ నేర్పిన పాఠం వృథా అయినట్టే. ఆమెను పై ఆసుపత్రికి పంపే వ్యవస్థ, అక్కడ కణాల పరిమాణం చూసే పరీక్ష, తిండి గురించి అడిగే తీరిక ఉన్నాయా అన్నదే అసలు ప్రశ్న.

వైద్య విద్యలోనూ ఇదే చర్చ. 2019 నుంచి అమల్లోకి వచ్చిన సామర్థ్య ఆధారిత ఎంబీబీఎస్ పాఠ్యప్రణాళిక మొదటి ఏడాది నుంచే విద్యార్థిని రోగుల దగ్గరకు తీసుకెళ్లాలంటుంది. మరోవైపు పీజీ సీటు బహుళైచ్ఛిక పరీక్షపై ఆధారపడి ఉండటంతో చాలామంది చదువు ప్రశ్నల బ్యాంకుల వైపు మళ్లుతోంది. పరీక్ష నాలుగు ఆప్షన్లు ఇస్తుంది. రోగి ఇవ్వడు. ఆ జాబితాను వైద్యుడే తయారు చేసుకోవాలి.

పరిపాలనకూ ఇది వర్తిస్తుంది. రేపు జిల్లాలో అధికారిగా కూర్చున్నప్పుడు మీ ముందుకు వచ్చే ప్రతి ఫిర్యాదూ ఒక కేసే. పథకం ఇచ్చినా ఫలితం రాని ఊరే ఎక్కువ నేర్పుతుంది.

రివిజన్ పాయింట్లు

• 1835: కలకత్తా మెడికల్ కాలేజీ, 1846: హైదరాబాద్ మెడికల్ స్కూలు
• 1922: కాలా అజార్ తర్వాతి చర్మవ్యాధి, బ్రహ్మచారి
• 1931: లూసీ విల్స్, ఈస్ట్ సారం, 1945: ఫోలిక్ ఆమ్ల తయారీ, సుబ్బారావు బృందం
• 1937: మద్రాసు ప్రెసిడెన్సీలో ఫ్లోరోసిస్ అధ్యయనం

సాధన ప్రశ్న: రక్తహీనత నివారణలో అందరికీ ఒకే చికిత్స విధానం ఎంతవరకు సరైనది? చారిత్రక ఉదాహరణలతో చర్చించండి. (250 పదాలు)