ఎనభై ఒక్క చేతుల సాక్ష్యం

మిషనరీ అన్న మాట వినగానే మనవాళ్ళకు ఒక సూత్రం గుర్తొస్తుంది: ముందు బైబిలు, దాని వెనక వ్యాపారి, ఆ వెనక సైన్యం. సూత్రం అబద్ధం కాదు. కాని సూత్రం దగ్గరే ఆగిపోయినవాడు చరిత్ర చదవడం మానేసినట్టే. కాంగోలో విలియం షెపర్డ్ కుటుంబం గడిపిన జీవితాన్ని ఈ దృష్టితో పరిశీలించాలి.

1885లో బెల్జియం రాజు రెండో లియోపోల్డ్ కాంగోను తన సొంత ఆస్తి చేసుకున్నాడు. 1888లో గాలి టైరు వచ్చాక రబ్బరుకు గిరాకీ పెరిగింది. అడవి తీగల పాలు తీసి తెమ్మని ఊళ్ళకు వంతులు వేశారు. తేలేని ఊళ్ళను తగలబెట్టారు. ఖర్చయిన తూటాలకు లెక్క చూపడానికి సైనికులు శవాల కుడి చేతులు నరికి తెచ్చేవారు; బతికున్నవాళ్ళ చేతులూ ఆ లెక్కలో కలిసేవి.

అమెరికాలో బానిసత్వం రద్దయిన 1865లోనే షెపర్డ్ వర్జీనియాలో పుట్టాడు. నల్లవాడు. దక్షిణాది ప్రెస్బిటేరియన్ సంఘం అతణ్ణి ఒంటరిగా పంపడానికి ఒప్పుకోలేదు. శామ్యూల్ లాప్‌స్లీ అనే తెల్లవాడు తోడు దొరికాకే 1890లో ఆఫ్రికాకు పంపింది. రెండేళ్ళకే లాప్‌స్లీ జ్వరంతో చనిపోయాడు. ఆ 1892లోనే షెపర్డ్, పరాయివాళ్ళకు ప్రవేశం లేని కూబా రాజధాని చేరాడు. అక్కడ అతణ్ణి కాపాడింది తుపాకి కాదు, దారిలో నేర్చుకున్న కూబా భాష.

1894లో అతను లూసీ గాంట్‌ను పెళ్ళాడాడు. ఆమె గాయని, చదువుకున్న స్త్రీ. లూయెబోలో బడి నడిపింది. ఆఫ్రికాలో పుట్టిన తొలి ఇద్దరు ఆడపిల్లలూ పసితనంలోనే పోయారు. మూడో బిడ్డనైనా దక్కించుకోవాలని 1898లో అమెరికా తీసుకుపోయి, బంధువుల దగ్గర పెట్టి, తాను మళ్ళీ కాంగోకు వచ్చింది. మిషన్ చరిత్రల్లో త్యాగం అనే ఒక్క మాటతో దాటేసే చోట ఒక తల్లి బతుకు ఉంది.

1899లో, రాజ్యం తరఫున పన్ను వసూలు చేస్తున్న జాపో జాప్ యోధుల శిబిరానికి షెపర్డ్ వెళ్ళాడు. అక్కడ నిప్పు మీద ఆరబెట్టిన చేతులు కనిపించాయి. లెక్కపెట్టాడు: 81. అన్నీ కుడి చేతులే. ఆ లెక్క యూరప్, అమెరికా పత్రికలకెక్కింది.

1908లో కూబా ప్రజల దుస్థితి గురించి మిషన్ పత్రికలో రాసినందుకు కసాయ్ రబ్బరు కంపెనీ అతని మీద పరువునష్టం దావా వేసింది. 1909లో విచారణ జరిగింది. అతని తరఫున ఫీజు లేకుండా వాదించినవాడు బెల్జియం సోషలిస్టు నాయకుడు ఎమిల్ వాండర్‌వెల్డ్. బోధకుడూ సోషలిస్టూ ఒకే పక్షాన నిలబడిన ఈ ఘట్టాన్ని ఏ సూత్రంలో ఇముడుస్తాం? షెపర్డ్ నిర్దోషి అన్నారు. అయితే వ్యాసంలో కంపెనీ పేరు లేదన్న ఆధారంతో. దోపిడీదారు కూడా చెక్కు చెదరకుండా బయటపడ్డాడు.

షెపర్డ్‌ను దేవుణ్ణి చెయ్యనక్కరలేదు. వివాహేతర సంబంధాల వల్ల 1910లో సంఘం అతణ్ణి కాంగో పని నుంచి తప్పించింది. అతని మిషన్ నిలిచిందీ లియోపోల్డ్ అనుమతించిన నేల మీదే. అతను కూబా భాష నేర్చింది మతం చెప్పడానికే. కాని భాష నేర్చినవాడికి ఎదుటివాడి ఏడుపు వినిపించక తప్పదు. బోధనకు నేర్చిన మాటే సాక్ష్యానికి పనికొచ్చింది. ఉద్దేశాన్ని మించి ఆచరణ ఎదగడం అంటే ఇదే.

అదే 1890లో జోసెఫ్ కాన్రాడ్ కూడా కాంగో నది మీద ప్రయాణించాడు. అతని ‘హార్ట్ ఆఫ్ డార్క్‌నెస్’ మన విద్యార్థులకు పాఠ్యగ్రంథంగా తెలుసు. వలస దోపిడీ మీద అసహ్యం అందులో ఉంది. పేరూ మాటా ఉన్న ఆఫ్రికన్ మనిషి మాత్రం దాదాపు లేడు. 1975లో చినువా అచేబె ఎత్తిచూపింది ఈ లోపాన్నే. గొప్ప నవలాకారుడు చీకటిని చూశాడు. షెపర్డ్ చేతుల్ని లెక్కపెట్టాడు.

పీడితుల గురించి రాసే మనం ఎవరి భాష నేర్చుకున్నాం, ఏం లెక్కపెట్టాం? ఈ ప్రశ్నకు జవాబు చెప్పుకోకుండా మిషనరీని తిట్టడం సులువు. రచయితకు అది చాలదు.