ఉదజని వెల

ఉదజని రేపటి ఇంధనమనీ, దానికి పొగ లేదనీ, కాలిస్తే నీరే మిగులుతుందనీ ఈమధ్య తరచుగా వింటున్నాం. ఇందులో అబద్ధమేమీ లేదు. ఐతే దీన్ని నిన్న మొన్న పుట్టిన సంగతిగా చెప్పడం పొరపాటు. విద్యుత్తుతో నీటిని విడగొట్టి టన్నుల కొద్దీ ఉదజని తీసిన కర్మాగారం మన దేశంలో 1960 ప్రాంతాలనే నడిచింది. ఆ చరిత్ర తెలియకుండా నేటి అంచనాలను తూచలేమని నా అభిప్రాయం.

మొదట నార్వే సంగతి చెప్పాలి. ర్యూకాన్ లోయలో వేమోర్క్ వద్ద నార్స్క్ హైడ్రో సంస్థ 1911లో జలపాతం మీద 108 మెగావాట్ల విద్యుత్కేంద్రం కట్టింది. 1929 నుంచి అక్కడ నీటినుంచి ఉదజనిని, ఉదజనినుంచి అమోనియాను, దాన్నుంచి ఎరువులను తీశారు. 1943లో దేశభక్తులు అక్కడి భారజల పరికరాలను పేల్చివేసిన కథ లోకానికి తెలుసు. ఆ భారజలం ఎరువుల పరిశ్రమకు ఉపఫలమని మాత్రం చాలామందికి తెలియదు. అక్కడ ఉదజని ఎందుకు గిట్టింది? కొండల నడుమ పుట్టిన అంత కరెంటును ఆ రోజుల్లో దూరం పంపడం కష్టం. దగ్గర్లో కొనే మహానగరమూ లేదు. మరొకరు అడగని కరెంటు కనుకనే చవక.

కిలో ఉదజని తీయడానికి ఆచరణలో సుమారు 50 నుంచి 55 యూనిట్ల కరెంటు కావాలి. యంత్రం ఎంత మెరుగుపడినా నీటిని విడగొట్టే శక్తి 39 యూనిట్లకు తగ్గదు. అది ప్రకృతి విధించిన పన్ను. యూనిటు 5 రూపాయలనుకుంటే కరెంటుకే 250 రూపాయల పైమాట. యంత్రాల ఖరీదు, వడ్డీ వేరే. సూర్యరశ్మి ఉచితమే కదా అంటారు. కాని ఎండ ఉన్న కొద్ది గంటలే యంత్రం నడిస్తే, మిగతా కాలమంతా అది వడ్డీ తింటూ కూర్చుంటుంది.

ఇక నంగల్. సట్లెజ్ నది మీద భాక్రా ఆనకట్ట లేస్తున్న రోజుల్లో, అంత విద్యుత్తునూ వాడుకొనేవారెవరన్న ప్రశ్న పుట్టింది. పరిశ్రమలు తక్కువ, కరెంటు ఎరిగిన పల్లెలు ఇంకా తక్కువ. 1961లో నంగల్ ఎరువుల కర్మాగారం మొదలైంది. ఇటలీ దేశపు డి నోరా సంస్థ విద్యుద్విశ్లేషణ యంత్రాలు గంటకు సుమారు 30,000 ఘనపు మీటర్ల ఉదజనినిచ్చే శక్తి గలవి. ప్రపంచంలోని అతి పెద్ద కేంద్రాలలో అదొకటి. 1962లో దానికి అనుబంధంగా భారజల కేంద్రం కూడా వచ్చింది. బొగ్గు లేదు, నూనె లేదు. నీరు, గాలి, కరెంటు మాత్రమే. నేడు మనం 'హరిత' మంటున్నది ఆనాడు ఆ పేరు లేకుండానే పని చేసింది.

తర్వాత హరిత విప్లవం వచ్చింది. పంజాబు, హర్యానా పొలాల్లో గొట్టపుబావులు వెలిశాయి, పట్టణాలు పెరిగాయి. అందరూ కరెంటు అడిగారు. నంగల్ ఎరువు చల్లిన పొలమే నంగల్ కరెంటును లాక్కుంది! రైతును తప్పు పట్టడానికి లేదు; గోధుమకు నీరు కావాలి. కర్మాగారానికి కరెంటు కరువైంది. 1978 నాటికి ఉదజనిని ఇంధన నూనెనుంచి తీసే ఏర్పాటు వచ్చింది. 2013లో సహజవాయువు దాని స్థానమాక్రమించింది. విద్యుద్విశ్లేషణ ఓడింది శాస్త్రం తప్పి కాదు. దాని కరెంటుకు మరో గిరాకీ పుట్టింది, అంతే. మన లెక్కల పండితులు యంత్రాల ధర పడిపోతుందని పేజీలు నింపుతారు గాని, ఈ గిరాకీ సంగతి ఒక్క వాక్యంలో దాటేస్తారు.

2023 జనవరిలో కేంద్ర ప్రభుత్వం 19,744 కోట్ల రూపాయలతో హరిత ఉదజని పథకాన్ని ఆమోదించింది. 2030 నాటికి ఏడాదికి 50 లక్షల టన్నులు లక్ష్యం. దానికోసం సుమారు 1,25,000 మెగావాట్ల కొత్త పునరుత్పాదక విద్యుత్తు కావాలని అంచనా. మన అనకాపల్లి జిల్లా పూడిమడకలో 2025 జనవరి 8న శంకుస్థాపన జరిగిన కేంద్రం రోజుకు 1,500 టన్నుల ఉదజని తీయాలి. కిలోకు 50 యూనిట్ల చొప్పున చూసినా రోజుకు ఏడున్నర కోట్ల యూనిట్లు. అక్కడ తయారయ్యేది ప్రధానంగా ఎగుమతి విపణి కోసమని ప్రభుత్వ ప్రకటనే చెప్పింది. నంగల్‌లో కరెంటు కోసం పోటీ పడినవి ఒకే నేల మీది ఎరువూ, బావీ. పూడిమడక ఉదజనితో రేపు పోటీ పడబోయేది కోస్తా రైతు మోటారు. ఉదజని మాత్రం ఓడ ఎక్కి వెళ్తుంది.