పొత్తిగుడ్డ నుంచి డయపర్ దాకా: పసిబిడ్డల ఒరుపు చరిత్ర



పసిబిడ్డకు తొడల సందుల్లో, పిర్రల మీద చర్మం కందిపోతే ఏం చేయాలని మన గ్రూపులో ఒక కోడలు అడిగింది. తలా ఒక మాట చెప్పినారు. ఒకరు డయపరే మానేయమన్నారు. ఒకరు పౌడరు చల్లమన్నారు. ఇంకొకరు బోరిక్ పౌడరు చల్లమన్నారు. ఆ మూడో మాట చూసి ఊరికే ఉండలేక ఇది రాస్తున్నాను. రైల్వేలో రిజిస్టర్లు రాసి రిటైరైనవాణ్ణి. ఏ మాటకైనా ఏ సంవత్సరం, ఎవరు కనిపెట్టినారు అని వెతికే అలవాటు నన్ను విడవలేదు.

మొదట మన ఇండ్ల పద్ధతి. పాత వేష్టి, మెత్తబడిన నూలుచీర చించి పొత్తిగుడ్డలు చేసేవాళ్లు. చీరతో కట్టిన తొట్టిల్లో, అంటే తమిళంలో తూళి అంటామే, దాంట్లో బిడ్డను పడుకోబెడితే పోసిన ఉచ్చ గుడ్డలోంచి నేలమీదికి కారేది. అవ్వలకు రోజంతా తుడిచే పని, ఉతికే పని. అయితే బిడ్డ ఒంటికి గాలి తగిలేది. గుడ్డ ఎండలో ఆరేది. మనది ఎండ దేశం కాబట్టి ఇది సాగింది.

చలి దేశాల్లో అట్ల కుదరదు. అక్కడ గుడ్డను మందంగా మడిచి పిన్ను పెట్టి, పైన రబ్బరు తొడుగు వేసేవాళ్లు. పక్క తడవదు గాని లోపల బిడ్డ ఒళ్లు నానిపోయేది. ఒరుపు డాక్టర్లకు పెద్ద సమస్య అయింది. 1915లో అమెరికా సెయింట్ లూయిస్ ఊళ్లో జహోర్స్కీ అనే పిల్లల డాక్టరు, ఇట్లాంటి గుడ్డల్లో ఘాటైన అమ్మోనియా వాసన వస్తుందని రాసినాడు. 1921లో అదే ఊళ్లో కుక్ అనే డాక్టరు ఆ అమ్మోనియాను పుట్టించే క్రిమిని చూపించినాడు. దాంతో నేరం అమ్మోనియాదే అని తీర్పు అయిపోయింది. సుమారు యాభై ఏండ్లు ఆ తీర్పే నడిచింది.

క్రిమిది నేరమైతే దాన్ని చంపాల. గుడ్డలను క్రిమిసంహారక మందుల్లో నానబెట్టినారు, బిడ్డ ఒంటిమీద పొడులు చల్లినారు. వాటిలో ముఖ్యమైనది బోరిక్ యాసిడ్. బాగుండే చర్మంలోంచి అది పెద్దగా లోపలికి పోదు. కందిపోయి చిట్లిన చర్మంలోంచి నెత్తురులోకి పోతుంది. బిడ్డలకు వాంతులు, విరేచనాలు, ఒళ్లంతా ఎర్రబడి తోలు ఊడడం, ఫిట్స్ వచ్చినాయి. ఎందరో చనిపోయినారు. 1950ల్లో డాక్టర్లు ఈ సంఘటనలన్నీ పోగుచేసి హెచ్చరించినాక గాని వాడకం తగ్గలేదు. మనం క్యారమ్ బోర్డు మీద చల్లేది ఈ బోరిక్ పౌడరే. బిడ్డ దగ్గరికి దాన్ని రానీయకండి.

ఇంకొకటి 1972లో ఫ్రాన్సులో జరిగింది. బిడ్డలకు చల్లే ఒక టాల్కం పౌడరులో తయారీ పొరపాటు వల్ల హెక్సాక్లోరోఫీన్ అనే క్రిమిసంహారకం మితిమీరి కలిసిపోయింది. 36 మంది పసివాళ్లు చనిపోయినారు. కల్తీ లేని టాల్కం పౌడరుకైనా ఒక దోషం ఉంది. చల్లేటప్పుడు ఎగిరిన పొడి బిడ్డ ఊపిరితిత్తుల్లోకి పోయి ఊపిరాడకుండా చేయగలదు.

ఇంత చేసినాక 1977లో అమెరికాలో లేడెన్, క్లిగ్‌మన్ అనే చర్మవైద్యులు, వాళ్లతో పనిచేసేవాళ్లు ఆ పాత తీర్పునే పరీక్షకు పెట్టినారు. ఒరుపు ఉన్న బిడ్డలనూ లేని బిడ్డలనూ పోల్చి చూస్తే అమ్మోనియాలో గాని, దాన్ని పుట్టించే క్రిముల్లో గాని తేడా కనబడలేదు. 1980ల్లో జరిగిన పరిశోధనల్లో అసలు సంగతి తేలింది. తడికి చర్మం నానుతుంది, గుడ్డ రాపిడికి చిట్లుతుంది. మలంలో ఆహారాన్ని అరిగించే ఎంజైములు ఉంటాయి. ఉచ్చా మలమూ కలిస్తే అమ్మోనియా పుట్టి, ఆ ఎంజైములకు బలం ఇస్తుంది. అవి చర్మాన్ని తింటాయి. ఆ పైన క్యాండిడా అనే బూజు పట్టుకుంటుంది. కాబట్టి అమ్మోనియా తోడుదొంగ మాత్రమే. దొడ్డికి పోయిన గుడ్డను ఆలస్యంగా మార్చడమే పెద్ద కారణం.

ఇక డయపర్ మాట. 1940ల చివర మారియన్ డోనోవన్ అనే అమెరికా తల్లి స్నానాలగది కర్టెన్ కత్తిరించి నీరు కారని తొడుగు కుట్టింది. 1951లో దానికి పేటెంట్ వచ్చింది. విక్టర్ మిల్స్ అనే ఇంజనీరు పసిబిడ్డ గుడ్డలు మార్చలేక విసిగి, వాడి పారేసే డయపర్ మీద పని మొదలుపెట్టించినాడు. 1961లో పాంపర్స్ వచ్చింది. 1980ల్లో తడిని పీల్చి జిగురుగా పట్టుకునే పొడి దాంట్లో చేరింది. దాంతో చర్మం ముందుకంటే పొడిగా ఉంది, ఒరుపు తగ్గింది. కాబట్టి డయపరే పాపం అనడం న్యాయం కాదు. ఉచ్చను అది దాచగలదు, మలాన్ని దాచలేదు. నిండింది గదా అని తెలిసేదాకా ఉంచితే పాత రబ్బరు తొడుగు కథే మళ్లీ వస్తుంది.

చరిత్ర చెప్పే వైద్యం ఇంతే. దొడ్డికి పోయిన వెంటనే మార్చండి. మామూలు నీళ్లతో మెత్తని గుడ్డతో కడిగి, రుద్దకుండా అద్దండి. రోజుకు కొన్నిసార్లు ఏమీ కట్టకుండా, మన అవ్వల కాలంలో మాదిరి గాలికి వదలండి. కందితే జింక్ ఆక్సైడ్ క్రీమ్ మందంగా పూయండి. అది తడికీ చర్మానికీ నడుమ గోడ. గుడ్డలు వాడేవాళ్లు సబ్బు మిగలకుండా జాడించి ఎండలో ఆరేయండి.

మందంగడిలో అడిగి స్టెరాయిడ్ కలిసిన క్రీమ్ తెచ్చి పూయకండి. డయపర్ కింద ఆ మందు ఎక్కువగా ఒంట్లోకి దిగుతుంది. మడతల్లో ముదురు ఎరుపు, చుట్టూ చిన్న చిన్న పొక్కులు ఉంటే అది బూజు కావచ్చు, దానికి మందు వేరే. రెండు మూడు రోజుల్లో తగ్గకపోయినా, చీము, నీటిబొబ్బలు, జ్వరం కనబడినా పిల్లల డాక్టరు దగ్గరికి పోండి.

మన కోడండ్లలో, కూతుండ్లలో చానా మందికి తెలుగు మాట్లాడను వస్తుంది గాని చదవను రాదు. ఇంట్లో పెద్దోళ్లు ఇది వాళ్లకు చదివి వినిపించండి. ఇంకేమీ వినకపోయినా బోరిక్ పౌడరు సంగతి మాత్రం చెప్పండి.