ఎవరికొరకు మృతిపొందెను? - ఆండ్రూ ఫుల్లర్ కాలపు వాదము

క్రీస్తు ప్రభువు ఎవరికొరకు ప్రాణము పెట్టెనని ఆదివార పాఠశాలలో అడిగినయెడల పిల్లలందరు ఏకకంఠముగా "అందరికొరకు" అని చెప్పుదురు. పెద్దవారమైన పిమ్మట వేదమును వరుసగా చదువునప్పుడు ఈ జవాబు మునుపటియంత సుళువుగా తోచదు. ఆయన సర్వలోక పాపములకు శాంతికరమని యోహాను వ్రాసెను (1 యోహాను 2:2). అందరికొరకు తన్నుతాను క్రయధనముగా ఇచ్చుకొనెనని పౌలు తిమోతికి తెలిపెను (1 తిమోతి 2:6). అయితే మంచి కాపరి తన గొఱ్ఱెలకొరకు ప్రాణము పెట్టునని ప్రభువే సెలవిచ్చెను (యోహాను 10). సంఘముకొరకు ఆయన తన్ను అప్పగించుకొనెనని ఆ పౌలే ఎఫెసు సంఘమునకు వ్రాసెను (ఎఫెసీ 5:25). అందరికొరకైనచో అందరును రక్షింపబడరేల? కొందరికొరకే యైనచో అందరికిని ప్రకటింపుమను ఆజ్ఞ యేల? ఈ రెండు ప్రశ్నల నడుమ క్రైస్తవ సంఘము చాల శతాబ్దములు నలిగినది.

పండ్రెండవ శతాబ్దములో పారిసు నగరపు పండితుడు పీటర్ లొంబార్డ్ ఒక సూత్రము చెప్పెను. క్రీస్తు అర్పణ చాలుట అందరికి, ఫలించుట ఏర్పరచబడినవారికి అని దాని భావము. ఈ సూత్రమును తరువాత ఎవరికి తోచినట్లు వారు వాడుకొనిరి. హాలెండులో ఆర్మీనియస్ మరణించిన మరుసటి సంవత్సరము, అనగా 1610లో, ఆయన అనుచరులు ఐదు అంశములు వ్రాసి ప్రభుత్వమునకు సమర్పించిరి. క్రీస్తు ప్రతి మనుష్యునికొరకు మృతిపొందెననియు, విశ్వసించువారే ఆ ఫలము ననుభవింతురనియు రెండవ అంశము. దీనిని విచారించుటకు 1618 నవంబరులో డోర్ట్ పట్టణమున కూడిన మహాసభ 1619 మే వరకు సాగెను. డోర్టు సభ క్రీస్తు మరణము విలువను తగ్గించెనని నిందించువారు కలరు. అది న్యాయము కాదు. లోకమంతటి పాపములకును ఆ మరణము సమృద్ధిగా చాలుననియు, సువార్త సకల జనములకు ప్రకటింపబడవలెననియు ఆ సభయే వ్రాసినది. దాని రక్షణఫలము ఏర్పరచబడినవారికి చేరవలెనన్నదే దేవుని సంకల్పమని మాత్రము తీర్మానించెను. ఇంగ్లండు ప్రతినిధులలో జాన్ డావెనంట్ వంటివారు "అందరికొరకు" అను మాటకు ఇంకను ఎక్కువ చోటు కావలెనని కోరిరి.

పండితుల సభలో ఈ వాదము ఒక విధముగా నడచెను. పల్లెటూరి మందిరములో, పాపభారముతో ఏడ్చుచున్న పిల్లవాని హృదయములో అది మరియొక విధముగా నడచెను. మనము చూడవలసినది ఈ రెండవ దానినే.

ఇంగ్లండులో బాప్తిస్టులు మొదటినుండియు ఈ ప్రశ్నమీదనే రెండుగా చీలియుండిరి. 1612 ప్రాంతమున థామస్ హెల్విస్ లండనులో నెలకొల్పిన సంఘము క్రీస్తు అందరికొరకు మృతిపొందెనని బోధించెను. ఆ వరుసలో వచ్చినవారు జనరల్ బాప్తిస్టులు. 1630-40 మధ్య పుట్టిన మరియొక శాఖవారు ఏర్పరచబడినవారికొరకే విమోచనము జరిగెనని నమ్మిరి. వీరు పర్టిక్యులర్ బాప్తిస్టులు. 1700 తరువాత ఈ రెండవ శాఖలో కొందరు కాపరులు ఇంకొక మెట్టు ముందుకు పోయిరి. క్రీస్తు కొందరికొరకే మృతిపొందెను గదా, ఎవరికొరకో మనకు తెలియదు గదా, అట్లయిన మారుమనస్సు పొందనివానితో "రమ్ము, క్రీస్తును నమ్ముము" అని చెప్పు అధికారము మనకు ఎక్కడిదని వారు తర్కించిరి. లండనులో గొప్ప వేదపండితుడైన జాన్ గిల్, ఆయన స్నేహితుడు జాన్ బ్రైన్ ఈ పక్షమునకు పేరుగాంచినవారు. ఇద్దరును నార్తాంప్టన్‌షైరులోని కెట్టరింగు అను చిన్న పట్టణములో పుట్టినవారే. ఆ కెట్టరింగుకు కొద్దిమైళ్ల దూరముననున్న రాత్‌వెల్‌లో మథాయస్ మారిస్ అను కాపరి 1737లో దీనికి ఎదురు వ్రాసెను. సువార్త విన్న ప్రతి పాపియు క్రీస్తును నమ్మ బద్ధుడా, కాడా? ఈ ప్రశ్నకు అప్పటినుండి "ఆధునిక ప్రశ్న" అను పేరు వచ్చెను.

ఇచ్చట ఒక మాట చెప్పవలెను. జార్జి వైట్‌ఫీల్డు కూడ ప్రత్యేక విమోచనమునే నమ్మినవాడు. 1739లో జాన్ వెస్లీ దానిమీద తీవ్రముగా ప్రసంగింపగా వైట్‌ఫీల్డు బహిరంగముగా జవాబు వ్రాసెను. అయినను పొలములలో వేలకొలది జనుల యెదుట నిలిచి, కన్నీళ్లతో ప్రతివానిని పిలిచినవాడు ఆయనే. కాబట్టి సిద్ధాంతమే నోరు కట్టివేసెనని అనుటకు వీలులేదు. సిద్ధాంతమునుండి తీసిన తర్కము కట్టివేసెను.

ఆండ్రూ ఫుల్లర్ 1754 ఫిబ్రవరి 6న కేంబ్రిడ్జిషైరులోని వికెన్ అను గ్రామములో ఒక రైతు ఇంట పుట్టెను. దృఢకాయుడు, పడుచుతనములో కుస్తీలయందు మోజు గలవాడు. సోహాములోని అతని కాపరి జాన్ ఈవ్ అవిశ్వాసులతో మాటలాడుటయే ఎరుగడు. అతని ప్రసంగములు విశ్వాసులకొరకే. ఫుల్లరు పదునాలుగు పదునైదేండ్ల ప్రాయములో పాపభీతితో క్రుంగిపోయెను. క్రీస్తునొద్దకు పోవలెనని ఆశ, పోవుటకు తనకు సెలవు ఉన్నదో లేదోయని భయము. ఏర్పరచబడినవాడనని సూచన ఏదైన ముందు కలుగవలెను, అది లేక పోయినవాడు అహంకారియని అతనికి నేర్పబడియుండెను. కడపట 1769 నవంబరులో ఎస్తేరు రాణి జ్ఞాపకము వచ్చెను. పిలువబడకయే రాజసన్నిధికి పోయినది ఆమె. నశించిన నశింతును గాని పోవుదునని ఆమె తెగించినట్లే తానును తెగించి ప్రభువు పాదములమీద పడెను. తనకు హక్కు లేదను తలంపు లేకపోయినచో ఇంకను ముందుగనే తనకు నెమ్మది దొరకియుండునని ఆయన తరువాత వ్రాసికొనెను. ఆయన గ్రంథములన్నిటికిని ఆ ఏడ్పులోనే వేరు ఉన్నదని నా తలంపు.

తరువాత త్వరలోనే సోహాము సంఘములో ఒక గొడవ పుట్టెను. ఒక సభ్యుడు తప్పతాగినాడని ఫుల్లరు వానిని గద్దించెను. నన్ను నేను కాపాడుకొను శక్తి నాకు లేదు, నేనేమి చేయుదునని వాడు జవాబిచ్చెను! ఈ మాటమీద సంఘమంతయు రెండుగా వాదులాడుకొనెను, 1771లో ఈవ్ కాపరత్వము విడిచిపోయెను. "చేతకాదు" అను మాటకు రెండర్థములున్నవని ఫుల్లరు క్రమముగా గ్రహించెను. కాళ్లు లేనివాడు నడువలేడు. యోసేపు అన్నలు అతనితో క్షేమసమాచారమైన మాటలాడలేకపోయిరి (ఆదికాండము 37:4). వారికి నాలుక లేకనా? ద్వేషమువలన. మొదటిదానికి శిక్ష లేదు. రెండవది పాపము. అమెరికాలో జోనతాన్ ఎడ్వర్డ్సు 1754లో ప్రకటించిన గ్రంథము ఈ భేదమును ఫుల్లరుకు తేటపరచెను. అవిశ్వాసము పాపమని లేఖనము చెప్పుచుండగా విశ్వాసము విధియే యగును గదా! తనకు శత్రువులైన రాజులనే కుమారుని ముద్దుపెట్టుకొనుడని రెండవ కీర్తన ఆజ్ఞాపించుచున్నది గదా!

1775లో సోహాముకు కాపరియై, 1782లో ఆయన కెట్టరింగుకు మారెను. చాలనాళ్లుగా వ్రాసి దాచుకొన్న పుస్తకమును 1785లో అచ్చువేయించెను. 1 తిమోతి 1:15నుండి తీసిన పేరు అది: "పూర్ణాంగీకారమునకు యోగ్యమైన సువార్త". గిల్ పక్షమువారు ఆయనను ఆర్మీనియసు శిష్యుడనిరి. రెండవ ప్రక్కనుండి డాన్ టెయిలర్ లేచెను. ఈ టెయిలర్ యార్క్‌షైరువాడు, పసితనములోనే బొగ్గుగనిలో దిగి పనిచేసినవాడు, 1770లో జనరల్ బాప్తిస్టులకు కొత్త సమాజమును ఏర్పరచినవాడు. మారుపేరుతో ఆయన వ్రాసిన దాని సారమిది: నమ్ముట అందరికి విధియని మీరు ఒప్పుకొంటిరి, మంచిది. ఎవరికొరకు ఏమియు సిద్ధపరచబడలేదో అతడు దేనిని నమ్మవలెను?

ఈ దెబ్బ ఫుల్లరుకు గట్టిగా తగిలెను. మన గ్రామములలో షావుకారు పద్దుపుస్తకము ఎట్లుండునో అందరెరుగుదురు. ధర్మాత్ముడొకడు వచ్చి పది పత్రముల బాకీ అణాపైసలతో లెక్కగట్టి చెల్లించెననుకొందము. పదునొకండవ బాకీదారునితో "నీ అప్పు తీరినది, రమ్ము" అనుట అబద్ధమగును. సిలువను ఇట్టి పద్దుగా ఎంచినంతకాలము టెయిలరుకు జవాబు లేదు. పాపము కేవలము అప్పు కాదు, నేరము. నేరస్థుని విడిపించుటకు నీతిన్యాయములు చెడకుండ రాజునకు మార్గము కావలెను. క్రీస్తు మరణము అట్టి మార్గము తెరచెను. ఒక్కడు రక్షింపబడుటకు ఎంత కావలెనో లోకమంతయు రక్షింపబడుటకును అంతే కావలెను, అంతకు ఎక్కువ అక్కరలేదు. కొందరికే ఫలించుట ఆ అర్పణ కొలతనుబట్టి కాదు, తండ్రి కుమారుల సంకల్పమునుబట్టి యని ఫుల్లరు తేల్చెను. 1801 నాటి రెండవ ముద్రణలో ఆ భాగమును తిరుగ వ్రాసెను. టెయిలరుతో జరిగిన వాదమే తన తలంపును మార్చెనని దాచక ఒప్పుకొనెను. ఎదిరివాని వాదములో సత్యమున్న మేరకు దానిని స్వీకరించి, మిగిలినదానిమీద నిలుచుట పండితులలో అరుదు. టెయిలరు మాత్రము దీనితో తృప్తిపడలేదు, పడవలసిన పనియు లేదు. ఆయన అడిగినది ఇంకను పెద్దది.

లండనులోని అబ్రహాము బూత్ కూడ తృప్తిపడలేదు. ఆయన మొదట జనరల్ బాప్తిస్టు, పిమ్మట పర్టిక్యులరు పక్షమునకు వచ్చినవాడు. క్రీస్తు మన స్థానమున నిలిచెనను సత్యమునే ఫుల్లరు పలుచన చేయుచున్నాడని ఆయన అనుమానించెను. 1800 తరువాతి సంవత్సరములలో ఈ ఇద్దరి నడుమ నలిగిన మాటలు చేదైనవి. బూత్ భయమును త్రోసివేయరాదు. అందరికి చాలునను మాటను నొక్కి చెప్పుచు, నిజముగా ఎవనినైనను రక్షించినదను మాటను మరచిన బోధకులు తరువాతికాలమున లేకపోలేదు.

అయితే ఈ వాదము పుస్తకములలోనే నిలిచిపోలేదు. ఆ కౌంటీలోనే మౌల్టన్ అను పల్లెలో చెప్పులు కుట్టుకొనుచు కాపరిగా నున్న విలియం కేరీ దీనిని తుదవరకు లాగెను. ఆర్న్‌స్బీ కాపరి రాబర్ట్ హాల్ ఇదే విషయమై 1781లో ప్రకటించిన చిన్న గ్రంథమును కేరీ ప్రాణమువలె చూచుకొనెడివాడు. నమ్ముట అందరికి విధియైనచో ప్రకటించుట మనకు విధి కాదా? కాపరుల కూటములో కేరీ ఇట్లడుగగా వృద్ధుడైన జాన్ రైలాండ్ కసరి కూర్చుండబెట్టెనని కథ ఒకటి ప్రసిద్ధమైనది. ఆయన కుమారుడు అది జరుగలేదని ఖండించెను గనుక దానిని మనము పట్టుకొని వ్రేలాడనక్కరలేదు. 1792 మే నెలలో కేరీ తన విచారణ గ్రంథమును ప్రకటించెను. లోకములో 73 కోట్ల 10 లక్షల జనులున్నారనియు, వారిలో 42 కోట్లమంది సువార్త వెలుగు ఎరుగనివారనియు ఆయన లెక్కవేసెను. ఆ యేడు అక్టోబరు 2న కెట్టరింగులో ఒక విధవరాలి యింట కొద్దిమంది కూడి సంఘము స్థాపించిరి. వ్రాసుకొన్న చందా 13 పౌనుల 2 షిల్లింగుల 6 పెన్నీలు. గిల్ పుట్టిన ఊరే అది. దాని పేరులో "పర్టిక్యులర్ బాప్తిస్టు" అను మాట నిలిచియే యున్నది. ఫుల్లరు దానికి కార్యదర్శియై, చందాలకొరకు స్కాట్లాండుకు ఐదుసార్లు పోయి, 1815 మే 7న చనిపోవువరకు ఆ భారము మోసెను. కేరీ 1793 నవంబరులో కలకత్తా చేరెను. 1814లో మన తెలుగుభాషకు వ్యాకరణమును, 1818లో తెలుగు క్రొత్త నిబంధన శ్రీరాంపూరు అచ్చుకూటమునుండి వెలువడినవి.

టెయిలరు పక్షమువారు కూడ ఊరకుండలేదు. 1816లో, టెయిలరు మరణించిన యేడే, జనరల్ బాప్తిస్టులు తమ మిషనును స్థాపించిరి. వారి మొదటి మిషనరీలైన బాంప్టన్, పెగ్స్ శ్రీరాంపూరు వార్డు దొరగారితో కలిసి ఓడ యెక్కిరి. ఎవరి సిద్ధాంతము వారిదే, వార్డు ఆలోచననుబట్టి ఒరిస్సాను ఎన్నుకొని 1822లో కటకము చేరిరి. ఇంగ్లండులో ఆ రెండు శాఖలవారు ఏకమగుటకు 1891 వరకు పట్టెను.

1825లో ఒరిస్సాకు వచ్చిన ఆమోసు సట్టన్ దొరగారు జనరల్ బాప్తిస్టే. తన పొలమునకు దక్షిణముగా తెలుగు జనము విస్తారముగా నున్నారని ఆయన ఎరుగును. 1835లో అమెరికాకు పోయినప్పుడు, రిచ్మండు పట్టణమున కూడిన బాప్తిస్టుల మహాసభలో నిలిచి, తెలుగువారికి ఎవరినైన పంపుడని బతిమాలెను. ఆ సభవారిలో ఎక్కువమంది ఫుల్లరు మార్గమున నడచిన కాల్వినువాదులు. ఎవరికొరకు మృతిపొందెనని సట్టనును వారు అడిగిన, సమాధానము వారికి నచ్చియుండదు. వారు సామ్యూల్ డే దొరగారిని ఏర్పరచిరి. సెప్టెంబరు 22న బోస్టనులో బయలుదేరిన ఓడలో డే, సట్టన్, వారితోకూడ అమెరికా ఫ్రీవిల్ బాప్తిస్టుల మిషనరీలు ఒరిస్సాకొరకు ఇద్దరు ప్రయాణమైరి. 1836లో విశాఖపట్టణమున దిగి, తరువాత మద్రాసులో కొన్నాళ్లుండి, డే దొరగారు 1840లో నెల్లూరు చేరెను. సట్టన్ కటకమునకు తిరిగిపోయి 1854లో అచ్చటనే కన్నుమూసెను.